పసిపిల్లల్లో ఫ్లూ తరువాత వచ్చే తీవ్ర న్యుమోనియా: డిశ్చార్జి కాగితంలో ఫ్లూ పేరు ఎందుకు ఉండదు?

ప్రశ్న
రాసినవారు: మియాపూర్ నాన్న

అందరికీ నమస్కారం. గత వానాకాలంలో మా ఎనిమిది నెలల బాబు న్యుమోనియాతో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరి, కొన్నాళ్లు ఆక్సిజన్ మీద ఉండి, కోలుకుని ఇంటికి వచ్చాడు. ఇప్పుడు ఆరోగ్యంగానే ఉన్నాడు కనుక నేను చికిత్స గురించి అడగడం లేదు. జరిగింది ఏమిటో అర్థం చేసుకోవాలని అడుగుతున్నాను.

ముందు ఎల్‌కేజీ చదివే మా పాపకు గట్టి జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు వచ్చాయి. తరువాత మా అమ్మకు అవే లక్షణాలు కనిపించాయి. ఆఖరున బాబుకు జ్వరం వచ్చి, తగ్గినట్టే తగ్గి, రెండు మూడు రోజులకు తిరగబెట్టింది. ఈసారి పాలు తాగడం మానేసి, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాడు. డిశ్చార్జి కాగితంలో ‘తీవ్ర న్యుమోనియా’ అని మాత్రమే రాశారు. ఏ క్రిమి వల్ల వచ్చిందో రాయలేదు. తిరిగి చూపించడానికి వెళ్లినప్పుడు డాక్టరు గారు ఇంట్లో వచ్చిన జ్వరాల వరుస విని, మొదలు ఫ్లూతోనే అయి ఉంటుందని చెప్పి, బాబుకు ఫ్లూ టీకా వేయించమన్నారు.

ఇంట్లో అభిప్రాయాలు రకరకాలుగా ఉన్నాయి. ఫ్లూ అంటే నాలుగు రోజులు పడుకుని లేచే జ్వరమే కదా, దానికి న్యుమోనియా ఎందుకు వస్తుందని మా నాన్నగారు అంటున్నారు. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాలలో లేదు కాబట్టి అంత అవసరమైనది కాదని మా పక్క ఫ్లాటువారు అంటున్నారు. ఐదేళ్ల లోపు పిల్లల్లో వచ్చే న్యుమోనియాలో ఫ్లూ వాటా నిజంగా ఎంత? అంత ముఖ్యమైనదైతే ఆసుపత్రిలో పరీక్ష చేసి పేరు ఎందుకు రాయలేదు? మా మరదలికి ఇప్పుడు ఏడో నెల. పుట్టబోయే బిడ్డ కూడా ఈ ఇంట్లోనే, ఇదే బడికి వెళ్లే పాప పక్కనే పెరుగుతుంది కనుక, ఆ బిడ్డకు ఫ్లూ సోకకుండా ఎలా కాపాడుకోవాలన్నది మాకు మరీ ముఖ్యం. తెలిసినవారు వివరంగా రాయగలరు.

---

సమాధానం 1
రాసినవారు: విశ్రాంత శిశువైద్యుడు

మీ ఇంట్లో జ్వరం నడిచిన వరుస చాలా ఇళ్లలో కనిపించేదే. బడికి వెళ్లే పిల్ల తెచ్చిన వైరస్ పెద్దవారిలో మామూలు జ్వరంగా ముగిసి, ఇంట్లో అందరికంటే చిన్నవాడి దగ్గర ఊపిరితిత్తుల దాకా దిగుతుంది.

ముందు అంకెలు చెబుతాను. ఐదేళ్ల లోపు పిల్లలలో ఫ్లూ భారాన్ని 2018 సంవత్సరానికి ప్రపంచవ్యాప్తంగా లెక్కగట్టిన ఒక పెద్ద అధ్యయనం 2020లో ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’ పత్రికలో వచ్చింది. దాని ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో దాదాపు 11 కోట్ల ఫ్లూ జబ్బులు, వాటిలో న్యుమోనియా వంటి కింది శ్వాసమార్గపు వ్యాధిగా మారినవి సుమారు కోటి, ఆసుపత్రిలో చేరినవారు 8.7 లక్షలు, ఆసుపత్రుల్లో మరణించినవారు 15,300 మంది. ఇంటి దగ్గరా దారిలోనూ పోయినవారిని కలుపుకుంటే మరణాలు 34,800 దాకా ఉండవచ్చని అంచనా. అంటే ఆసుపత్రి గడప దాకా చేరని మరణాలు చేరినవాటికంటే ఎక్కువ. ఆసుపత్రుల్లో జరిగిన మరణాల్లో 82 శాతం పేద దేశాలలోనూ, మన దేశం కూడా ఉన్న దిగువ మధ్య ఆదాయ దేశాలలోనూ సంభవించాయి.

వాటా ఎంత అని అడిగారు. ఐదేళ్ల లోపు పిల్లల కింది శ్వాసమార్గపు జబ్బులన్నిటిలో ఫ్లూ వల్ల వచ్చేవి 7 శాతం, ఆసుపత్రి చేరికల్లో 5 శాతం, మరణాల్లో 4 శాతం అని అదే అధ్యయనం చెప్పింది. చదవగానే ఇంతేనా అనిపించవచ్చు. కానీ న్యుమోనియా మొత్తం ఎంత పెద్దదో గుర్తుంచుకోవాలి. 2019లో ఐదేళ్ల లోపు పిల్లలు 7,40,180 మంది న్యుమోనియాతో మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంతటి రాశిలో నాలుగో అయిదో శాతమన్నా అది చిన్న సంఖ్య కాదు. పైగా ఆ శాతం అన్ని వయసుల మీదా సమానంగా పడదు. ఆసుపత్రుల్లో జరిగిన ఫ్లూ మరణాల్లో 36 శాతం ఆరు నెలలు నిండని పసికందులవే. ఐదేళ్ల కాలంలో ఆ ఆరు నెలలు పదో వంతు మాత్రమే. ఈ జబ్బు భారంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించే అంకె ఇదే. ఎందుకంటే ఫ్లూ టీకా వేయడానికి కనీస వయసు ఆరు నెలలు. ఎవరికి ప్రమాదం ఎక్కువో వారికే ఆ సూది నేరుగా వేయలేము. మీ మరదలి విషయానికి ఇక్కడే సంబంధం ఉంది. దాని గురించి విడిగా రాస్తాను.

చిన్నపిల్లలే ఎందుకు ఇంతగా దెబ్బతింటారు? వారి శ్వాసనాళాలు సన్నవి. గొట్టం వ్యాసార్థం సగానికి తగ్గితే అందులో గాలి కదలడానికి ఎదురయ్యే నిరోధం రెండు రెట్లు కాదు, పదహారు రెట్లు పెరుగుతుంది. అందువల్ల పెద్దవారికి గొంతులో గరగరగా మాత్రమే తెలిసే వాపు, పసివాడికి ఊపిరి అందని స్థితి అవుతుంది. ఛాతీ ఎముకలు ఇంకా మెత్తగా ఉండడం వల్ల బలంగా గాలి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతాయి. మొదటి నెలల్లో పిల్లలు ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు కనుక జలుబుతో ముక్కు మూసుకుపోయినా పాలు తాగలేరు. నెలలు నిండకుండా పుట్టినవారు, గుండెలో పుట్టుకతో లోపం ఉన్నవారు, పోషణ చాలని వారు ఇంకా త్వరగా అలసిపోతారు. అయితే ఇలాంటి లోపం ఏదీ లేని పిల్లలకు భయం లేదనుకోకూడదు. అమెరికాలో ఏటా నమోదయ్యే పిల్లల ఫ్లూ మరణాల్లో దాదాపు సగం, అంతకుముందు ఏ జబ్బూ లేని పిల్లలవే.

ఇక జ్వరం తగ్గి తిరగబెట్టిన సంగతి. ఫ్లూ వైరస్ రెండు విధాలుగా న్యుమోనియా తెస్తుంది. కొందరిలో వైరస్ తానే గాలి గదుల దాకా దిగి వాటిని వాపుతో, నీటితో నింపుతుంది. ఇది మొదటి రోజుల్లోనే ముదురుతుంది. మరికొందరిలో వైరస్ శ్వాసనాళాల లోపలి పొరను గీరినట్టు పాడుచేసి, అక్కడి తెల్ల రక్తకణాల శక్తిని కొన్నాళ్లు మందగింపజేసి, అప్పటిదాకా ముక్కులో, గొంతులో హాని చేయకుండా ఉన్న న్యుమోకాకస్, స్టఫిలోకాకస్ వంటి బ్యాక్టీరియాకు దారి తెరుస్తుంది. ఇంటికి కన్నం వేసినవాడు ఒకడు, లోపల దోచుకున్నవాడు మరొకడు అన్నమాట. అలాంటి పిల్లల్లో వైరస్ జ్వరం తగ్గుముఖం పట్టి, రెండు మూడు రోజులు బాగున్నట్టు కనిపించి, మళ్లీ జ్వరం, ఆయాసం వస్తాయి. 1918 నాటి మహమ్మారిలో చనిపోయినవారి ఊపిరితిత్తుల నమూనాలను ఇటీవలి దశాబ్దాలలో తిరిగి పరీక్షించినప్పుడు కూడా ఎక్కువమందిని బలిగొన్నది ఇలా వెనుక వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియానే అని తేలింది. మీ బాబు విషయంలో ఫలానా అని ఇక్కడినుంచి నేను నిర్ధారించలేను కానీ, మీరు రాసిన వరుస ఈ రెండో రకానికి సరిపోతుంది.

కాగితంలో పేరు ఎందుకు లేదన్న దానికి జవాబు కూడా కొంతవరకు ఇదే. ఆయాసంతో ఆసుపత్రికి వచ్చే వేళకు అసలు మొదలుపెట్టిన వైరస్ ముక్కులో దాదాపు ఖాళీ అయిపోయి ఉండవచ్చు. ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తుంది, రక్తపరీక్షలో తెల్లకణాలు పెరిగి కనిపిస్తాయి, యాంటీబయాటిక్ మొదలవుతుంది, పిల్లవాడు కోలుకుంటాడు. ఫ్లూ సంగతి ఎవరూ అడగరు. తల్లిదండ్రులకు ఆ సమయంలో పేరుతో పనీ ఉండదు. కానీ దేశం లెక్కల్లోకి ఆ బిడ్డ ఫ్లూ బాధితుడిగా ఎక్కడు.

---

సమాధానం 2
రాసినవారు: బస్తీ నర్సమ్మ

డాక్టరు గారు అంకెలు చెప్పారు కనుక నేను వాటి జోలికి పోను. బస్తీల్లో ఏఎన్‌ఎంగా పనిచేస్తున్న దాన్ని. ఆసుపత్రి దాకా రాని పిల్లలు అన్న మాట చదివి ఇది రాస్తున్నాను.

మా దగ్గర ఆలస్యం ఎలా జరుగుతుందంటే, పిల్లవాడికి సర్ది చేసిందని మొదట మెడికల్ షాపులో దగ్గు సిరప్ తెస్తారు. తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది వేయిస్తారు. దానితో జ్వరం ఒక పూట దిగుతుంది, ఇంట్లో ధైర్యం వస్తుంది, మరో రాత్రి గడిచిపోతుంది. నెమ్ము చేసిందని గుర్తించేసరికి పిల్లవాడు పాలు వదిలేసి ఉంటాడు. అప్పుడు ఆటో ఎక్కి నీలోఫర్ పిల్లల ఆసుపత్రికి పరుగు. దగ్గు, జలుబుకు ఇచ్చే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని సీసా మీద ముద్రించాలంటూ కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. షాపులో మందు అడిగేవారు ఆ చిన్న అక్షరాలు చదవరు. చదివి చెప్పే తీరిక అమ్మేవారికి ఉండదు. కర్పూరం కలిసిన తైలాలను పసివారి ముక్కు దగ్గర రాయడం కూడా మాన్పించవలసిన అలవాటే.

తల్లులకు నేను నేర్పేది ఒకటే, ఊపిరి లెక్కపెట్టడం. పిల్లవాడు ఏడవకుండా ఉన్నప్పుడు, లేదా నిద్రలో ఉన్నప్పుడు, చొక్కా పైకెత్తి పొట్ట లేచి దిగడాన్ని గడియారం చూస్తూ ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయకూడదు, ఎందుకంటే పసివారి ఊపిరి ఒకే తీరున ఉండదు. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేదా అంతకు మించి, రెండు నెలలనుంచి ఏడాది లోపు వారికి 50 లేదా ఆ పైన, ఏడాదినుంచి ఐదేళ్ల లోపు వారికి 40 లేదా ఆ పైన వస్తే అది వేగంగా ఊపిరి తీసుకోవడం కిందికి వస్తుంది. ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పాలు గాని నీళ్లు గాని తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం, ఫిట్స్ రావడం, లేపినా మత్తుగా పడి ఉండడం, ఏడవకుండా ఉన్నప్పుడు కూడా ఊపిరి పీల్చేటప్పుడు గురగురమనడం, పెదవులు నీలంగా మారడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు. 108కు ఫోన్ చేయాలి. రెండు నెలలు నిండని బిడ్డకైతే జ్వరం ఒక్కటి ఉన్నా ఇంట్లో ఉంచుకోవద్దు. ఇంకో మాట, జ్వరానికి పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఫ్లూ ఉన్నప్పుడు ఆస్పిరిన్ వాడితే కాలేయాన్ని, మెదడును దెబ్బతీసే రై సిండ్రోమ్ అనే ప్రమాదం ఉంది.

కేంద్ర ప్రభుత్వం 2019లో ‘సాన్స్’ పేరుతో న్యుమోనియా మీద ప్రచారం మొదలుపెట్టినప్పుడు ఈ విషయాలన్నీ ఆశా కార్యకర్తలకు నేర్పించే ఏర్పాటు ఉంది. ఆశా అక్క మీ వీధికి వచ్చినప్పుడు అడిగితే ఆమే దగ్గరుండి లెక్కపెట్టి చూపిస్తుంది.

---

సమాధానం 3
రాసినవారు: లెక్కల మనిషి

పై ఇద్దరి మాటలనూ గౌరవిస్తూనే, మియాపూర్ నాన్న గారి పక్క ఫ్లాటువారి తరఫున కొంత వాదించవలసి ఉంది. ఉచిత టీకాల పట్టికలో లేదు కనుక అనవసరం అని వారు తేల్చడం సరికాదు. అయితే పట్టికలో లేకపోవడానికి కారణం ప్రభుత్వ నిర్లక్ష్యమే అనుకోవడం కూడా సరికాదు. నేను ప్రజారోగ్య రంగంలో ఖర్చు–ప్రయోజనాల లెక్కలు చూసే పని చేస్తాను.

ఇదే వయసు పిల్లల్లో ఆర్‌ఎస్‌వీ అనే మరో వైరస్ 2019లో లక్షకు పైగా మరణాలకు కారణమైందని అంచనా. ఫ్లూ అంచనా దానిలో దాదాపు మూడో వంతు. న్యుమోకాకస్ వంటి బ్యాక్టీరియా సంగతి సరేసరి. ఫ్లూ వైరస్ తరచూ వేషం మార్చుతుంది కాబట్టి టీకా ఏటా కొత్తగా వేయాలి. టీకాలోని రకాలు ఆ ఏడాది తిరిగే రకాలతో బాగా కలిసిన సంవత్సరాల్లో కూడా డాక్టరు దగ్గరికి వెళ్లవలసిన జబ్బును అది తగ్గించేది 40 నుంచి 60 శాతం వరకే. మన సార్వత్రిక టీకా కార్యక్రమం బిడ్డ వయసును బట్టి నడుస్తుంది: ఆరు వారాలు, పది వారాలు, పద్నాలుగు వారాలు, తొమ్మిది నెలలు అని. ఫ్లూ టీకా రుతువును బట్టి వేయవలసినది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా ఉన్న పది కోట్లకు పైగా పిల్లలందరికీ ఏటా వానలకు ముందే కొత్త సూది వేయడమంటే ఇప్పుడున్న కార్యక్రమం పక్కన దాదాపు మరో కార్యక్రమాన్ని నిలబెట్టడమే.

అదే డబ్బుతో ప్రతి ఆరోగ్య కేంద్రంలోనూ వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు, అవసరమైన చోట ఆక్సిజన్, తల్లులకు తిండి, పొగ రాని పొయ్యి ఏర్పాటు చేస్తే, ఏ క్రిమి వల్ల వచ్చిన న్యుమోనియా అయినా మరణాలు తగ్గుతాయి. ప్రభుత్వం ముందుగా న్యుమోకాకల్ టీకాను ఎంచుకుని, 2017లో కొన్ని రాష్ట్రాలలో మొదలుపెట్టి, 2021లో దేశమంతటికీ విస్తరించడం నా దృష్టిలో సరైన క్రమమే. ఆ టీకా ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు ఉచితంగా అందుతుంది. ఇంట్లో డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు ముందు అవన్నీ సకాలంలో పడ్డాయా లేదా చూసుకోవడం మేలు.

---

సమాధానం 4
రాసినవారు: విశ్రాంత శిశువైద్యుడు

లెక్కల మనిషి గారు ప్రభుత్వం స్థానంలో నిలబడి రాశారు. అక్కడినుంచి చూస్తే ఆ వరుసతో నాకు పేచీ లేదు. న్యుమోకాకల్ టీకా గురించి వారి మాటకు నేను ఇంకొంచెం బలం చేరుస్తాను. దక్షిణాఫ్రికాలోని సొవెటోలో ఆ టీకాను పరీక్షించినప్పుడు, వైరస్ బయటపడిన న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరిన పిల్లల సంఖ్య టీకా వేసినవారిలో 31 శాతం తక్కువగా ఉన్నట్టు 2004లో ప్రకటించారు. అది బ్యాక్టీరియా మీద పనిచేసే టీకా, వైరస్‌ను ముట్టుకోదు. అయినా వైరస్ న్యుమోనియాలనుకున్నవి తగ్గాయంటే వాటిలో చాలావాటి వెనుక బ్యాక్టీరియా దాగి ఉందన్నమాట. ఉచితంగా వచ్చే ఆ మూడు డోసులు, హిబ్ అనే మరో బ్యాక్టీరియాను అడ్డుకునే భాగం కలిసిన పెంటావాలెంట్ టీకా, తట్టు టీకా, ఇవి సకాలంలో పడితే ఫ్లూ తరువాత వచ్చే న్యుమోనియాకు కూడా చాలావరకు అడ్డుకట్ట పడుతుంది. మన హైదరాబాదులో పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో బుధ, శనివారాల్లో వేస్తారు.

అయితే తండ్రి ప్రభుత్వం కాదు. ఒక ఇంటికి సంబంధించిన నిర్ణయంలో, కొనుక్కోగల శక్తి ఉన్నప్పుడు, 40 నుంచి 60 శాతం రక్షణ తక్కువేమీ కాదు; పైగా ఆ అంకె ఏదో ఒక ఫ్లూ జబ్బుతో డాక్టరు దగ్గరికి వెళ్లడాన్ని గురించినది. టీకా వేసుకున్న పిల్లలకు ఫ్లూ వచ్చినా ముదిరే అవకాశం తగ్గుతుంది. అమెరికాలో 2010 నుంచి 2014 వరకు జరిగిన పిల్లల మరణాలను పరిశీలించిన అధ్యయనంలో, అంతకుముందు ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో టీకా ఫ్లూ మరణాన్ని 65 శాతం, ఇతర జబ్బులున్న పిల్లల్లో 51 శాతం తగ్గించినట్టు తేలింది. భారతీయ శిశువైద్యుల అకాడమీ కూడా ఆరు నెలలనుంచి ఐదేళ్ల వరకు పిల్లలందరికీ ఏటా వేయించమని 2020–21 సిఫారసుల నుంచి చెబుతోంది. మొదటిసారి వేయించుకునే పిల్లలకు నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు, తరువాత ఏడాదికి ఒకటి. రెండు డోసులకు కలిపి కొన్ని వేలు అవుతుందన్నది నిజమే. ఆ భారం లేదని నేను అనను.

ఇప్పుడు మీ మరదలి సంగతి. పుట్టబోయే బిడ్డకు ఆరు నెలల దాకా సూది వేయలేము కాబట్టి తల్లికి వేయాలి. గర్భంలో ఉండగానే తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) మాయ గుండా బిడ్డకు చేరతాయి. ఆ తరువాత తల్లిపాలు కొంత కాపాడతాయి. ఇది ఊహ కాదు. బంగ్లాదేశ్‌లో గర్భిణులకు టీకా వేసి చేసిన పరీక్షలో, ఆరు నెలల లోపు బిడ్డల్లో ప్రయోగశాలలో నిర్ధారించిన ఫ్లూ 63 శాతం తగ్గిందని 2008లో వెల్లడైంది. నేపాల్, మాలి, దక్షిణాఫ్రికాలలో జరిగిన మూడు పెద్ద పరీక్షలను కలిపి 2018లో చూసినప్పుడు, టీకా వేసుకున్న తల్లుల బిడ్డల్లో తీవ్ర న్యుమోనియా మొత్తంగా 20 శాతం తక్కువగా ఉంది. గమనించండి, ఇది ఫ్లూ న్యుమోనియా లెక్క కాదు, ఏ కారణంతో వచ్చినదైనా సరే తీవ్ర న్యుమోనియా మొత్తం. ఫ్లూ వాటా 4, 5 శాతమే అయితే ఫ్లూ టీకాతో మొత్తం 20 శాతం తగ్గడం ఎలా సాధ్యమన్న ప్రశ్న సహజంగా వస్తుంది. డిశ్చార్జి కాగితంలో పేరు లేకుండా పోయిన ఫ్లూ ఇలాంటి చోట తన ఉనికిని కొంత బయటపెట్టుకుంటోందని నా అభిప్రాయం. లెక్కల మనిషి గారు ఇక్కడ నాతో విభేదించవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే ఫ్లూ టీకాలో గర్భిణులకు అగ్రస్థానం ఇవ్వాలని చెప్పింది. సూదిగా వేసే టీకాలో బతికున్న వైరస్ ఉండదు. గర్భంలో ఏ నెలలోనైనా వేయవచ్చు. ఏడో నెల మంచి సమయమే. ఆమెను చూస్తున్న ప్రసూతి వైద్యురాలిని ఈ వారమే అడగమనండి. ఇంట్లో మీ పాపకు, అమ్మగారికి కూడా వేయిస్తే పసిబిడ్డ చుట్టూ ఉన్నవారిలో వైరస్ తెచ్చేవారు తగ్గుతారు.

---

సమాధానం 5
రాసినవారు: లెక్కల మనిషి

విభేదిస్తాను, కొంతమేరకు. ఆ మూడు దేశాల ఫలితాన్ని కలిపి చెప్పినప్పుడు సగటు ఒకటి వస్తుంది కానీ, మూడు చోట్లా పిల్లల ఆరోగ్య పరిస్థితి, ఫ్లూ తిరిగే కాలం ఒకటి కావు. ఒక్క 20 శాతం అంకె మీద దేశవ్యాప్త విధానం కట్టలేము. అయితే గర్భిణులకు టీకా వేయడం మాత్రం పది కోట్ల మంది పిల్లలకు వేయడం కంటే చాలా తేలిక. వారు ఎలాగూ నెలనెలా పరీక్షకు, ధనుర్వాతం టీకాకు ఆరోగ్య కేంద్రానికి వస్తారు. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలంటే అక్కడే మొదలుపెట్టమని నేనూ అంటాను.

---

ప్రశ్న అడిగినవారి స్పందన
రాసినవారు: మియాపూర్ నాన్న

అందరికీ ధన్యవాదాలు. మరదలి విషయం డాక్టరమ్మతో మాట్లాడుతున్నాము. ఒక చిన్న సందేహం మిగిలింది. బాబును చేర్చిన రోజునే నేను పట్టుబట్టి పరీక్ష చేయించి ఉంటే ఏమైనా తేడా ఉండేదా? ఫ్లూకు మందు కూడా ఉందంటారు కదా.

---

సమాధానం 6
రాసినవారు: వైరాలజీ ల్యాబ్

ఒక ప్రయోగశాలలో ఈ పరీక్షలే చేసే ఉద్యోగిని కనుక జవాబు ఇస్తున్నాను.

ఫ్లూ పరీక్షలు అందరికీ చేయకపోవడం ఆసుపత్రి అలసత్వం కాదు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు కేంద్ర ఆరోగ్య శాఖ రోగులను ఎ, బి, సి అని విడదీసింది. స్వల్ప లక్షణాలున్న ఎ, బి వర్గాలకు పరీక్ష అవసరం లేదని, ఊపిరాడనివారు, ఆసుపత్రిలో చేరవలసినవారు ఉండే సి వర్గానికే చేయాలని చెప్పింది. మీ పాపకూ అమ్మగారికీ పరీక్ష జరగకపోవడం ఆ పద్ధతి ప్రకారమే. బాబుది మాత్రం సి వర్గానికి వచ్చేదే. అడిగి ఉంటే బాగుండేది. అయితే పది పదిహేను నిమిషాల్లో ఫలితమిచ్చే ర్యాపిడ్ కిట్ నిజంగా ఫ్లూ ఉన్న ప్రతి వందమందిలో యాభై నుంచి డెబ్భై మందినే పట్టగలదు, మిగిలినవారికి లేదని చూపిస్తుంది. ఆర్‌టీ–పీసీఆర్ నమ్మదగినది. దానికి కూడా నమూనా మొదటి మూడు నాలుగు రోజుల్లో, ముక్కు లోతునుంచి తీస్తేనే ఫలితం గట్టిగా ఉంటుంది. జ్వరం తిరగబెట్టాక తీసిన నమూనాలో లేదని వచ్చినా, మొదట ఫ్లూ రాలేదని దాని అర్థం కాదు.

మందు పేరు ఒసెల్టామివిర్. జ్వరం మొదలైన 48 గంటల్లో మొదలుపెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది. ఆసుపత్రిలో చేరేంత తీవ్రంగా ఉన్న పిల్లలకు ఆ గడువు దాటినా ఇస్తారు, పరీక్ష ఫలితం కోసం ఆగరు. గతంలో ఈ మందు అమ్మకం మీద కఠినమైన ఆంక్షలుండేవి. 2017లో షెడ్యూల్ ఎక్స్ అనే మందుల జాబితా నుంచి తీసి షెడ్యూల్ హెచ్1 జాబితాలోకి మార్చిన తరువాత డాక్టరు చీటీ ఉంటే మామూలు మందుల షాపుల్లో దొరుకుతోంది. చీటీ లేకుండా కొనకండి, మిగిలిపోయినది ఇంకొక బిడ్డకు వాడకండి. మోతాదు బరువును బట్టి లెక్కవేయాలి.

ఇంకొక సంగతి చెప్పాలి. దేశంలో స్వైన్ ఫ్లూ మొదటి కేసు 2009 మే నెలలో మన హైదరాబాదులోనే నిర్ధారణ అయింది. ఆ తరువాత 2015లో దేశవ్యాప్తంగా 42,592 కేసులు, 2,990 మరణాలు నమోదైనప్పుడు తెలంగాణ కూడా బాగా దెబ్బతిన్నది. పరీక్షల కోసం నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థకు నమూనాలు వరదలా వచ్చేవి. అందువల్ల మన నగరంలో స్వైన్ ఫ్లూ అంటే భయం, ఫ్లూ అంటే తేలిక. నిజానికి స్వైన్ ఫ్లూ తెచ్చిన ఆ హెచ్1ఎన్1 వైరస్ ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ఏటా తిరిగే మామూలు ఫ్లూ రకాలలో అదీ ఒకటి, ఏటా వేసే టీకాలోనూ అది ఉంటుంది.

---

సమాధానం 7
రాసినవారు: విశ్రాంత శిశువైద్యుడు

టీకా ఎప్పుడు వేయించాలని ఒకరు విడిగా సందేశం పంపి అడిగారు. అందరికీ పనికివస్తుందని ఇక్కడే రాస్తున్నాను. మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు పెరుగుతుంది: జనవరి–మార్చి మధ్య ఒకసారి, వానాకాలంలోనూ దాని వెనువెంటనూ మరోసారి. టీకా వేశాక రక్షణ ఏర్పడడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. మొదటిసారి రెండు డోసులు అవసరమైన పిల్లలకు ఆ నాలుగు వారాల ఎడం కూడా కలుపుకుని, ఏప్రిల్‌లో మొదటిది, మే నెలలో రెండోది వేయిస్తే బడులు తెరిచి వానలు మొదలయ్యేసరికి సిద్ధంగా ఉంటారు. ఆ నెలలు దాటిపోయాయని మానేయనక్కరలేదు. ఆరు నెలలు నిండిన బిడ్డకు ఆ ఏడాది టీకా దొరికినప్పుడు వేయించవచ్చు. గర్భిణులు మాత్రం నెల కోసం, కాలం కోసం ఎదురుచూడకూడదు. కోడిగుడ్డు పడదని ఇంతకుముందు ఈ టీకా మానిపించినవారు మరోసారి డాక్టరును అడగండి, ఆ నిషేధం ఇప్పుడు లేదు.